హ్యాంగర్లు చెప్పే కబురు

ఐలా రౌతియైనెన్ ఇరవై రెండేళ్లుగా రాక్ కచేరీలకు వెళుతోంది. ఒక్క కచేరీ కూడా చూడలేదు. తాంపెరె ఊళ్లో పాత నేతమిల్లును కచేరీల హాలుగా మార్చారు కదా, అక్కడ కోట్ల గది ఆమెది. జనం వస్తారు, బూట్ల మీది మంచు దులుపుకుంటారు, కోటు విప్పి బల్ల మీద పెడతారు. ఆమె ఇచ్చిన ఇత్తడి బిళ్ళ జేబులో వేసుకుని లోపలికి పోతారు. తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత రెండు గంటల పాటు ఆమెకు గోడ అవతల హోరు, గోడ ఇవతల తొమ్మిది వందల కోట్లు.

"ఒక్కసారైనా లోపలికి తొంగి చూడాలనిపించదా?" అని అడిగాను, ఆమెతో పరిచయమైన కొత్తలో.

"చూస్తే ఏముంటుంది? నలుగురు నిలబడి వాయిస్తుంటారు. అంతేగా!" అంది. కాఫీ రెండు గుక్కలు తాగి, "అసలు సంగతి ఇక్కడే తెలుస్తుంది," అంటూ గడ్డంతో వెనకాల చివరి వరస చూపించింది.

చివరి వరసలో ఎప్పుడూ ఓ నలభై ఖాళీ హ్యాంగర్లు మిగిలిపోతాయి. హాలు నేలకూ కోట్ల గది నేలకూ ఒకటే చెక్క. మగ్గాలు నడిచిన రోజుల్లో వేసిన పొడవాటి పలకలు గోడ కిందుగా ఇటు వచ్చేశాయి. కోట్ల కడ్డీలను ఆ పలకల మీదే నిలబెట్టారు. అక్కడ కాలు కదిలితే ఇక్కడ హ్యాంగరు కదులుతుంది.

ఐలా తల్లి ఆ మిల్లులోనే నేసేది. మగ్గాల మోతకు ముప్పై ఏళ్లకే చెవులు పోయాయి. మగ్గం సరిగ్గా నడుస్తోందో లేదో అరికాళ్లతో తెలుసుకునేదట. ఐలాకి చెవులు శుభ్రంగా ఉన్నాయి. అయినా ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు.

ఒట్టి డ్రమ్ముల మోతయితే హ్యాంగర్లు చలి పుట్టినట్టు సన్నగా వణుకుతాయి. జనం గెంతితే అటూ ఇటూ ఊగి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. లోపల ఎంత హోరుగా ఉన్నా ఇక్కడ వణుకే తప్ప ఊపు లేకపోతే, లోపల జనం చేతులు కట్టుకుని నిలబడ్డారని లెక్క. "బ్యాండు తనలో తాను పాడుకుంటోందన్నమాట," అనేది. ఇంకో తీరుంది. లోపల పాట చాలా మెల్లగా, డ్రమ్ములు లేకుండా నడుస్తుంటుంది. ఇక్కడేమో హ్యాంగర్లు ఒక్క లయలో మెత్తగా ఊగుతుంటాయి. తొమ్మిది వందల మంది మడమల మీద అటూ ఇటూ వాలుతున్నారన్నమాట. అది ఏడాదికి రెండు మూడుసార్లకు మించి జరగదట.

ఆమెను ఏళ్ల తరబడి తొలిచిన ప్రశ్న ఒకటుంది. ముందు ఎవరు? బ్యాండు జనాన్ని లాగుతుందా, జనం బ్యాండును లాగుతారా? చాలాసార్లు ఆమె గమనించింది. ముందు హ్యాంగర్ల ఊపు పెరుగుతుంది, ఆ తర్వాతే డ్రమ్ముల వేగం పెరుగుతుంది. ఒకసారి ఓ డ్రమ్ము వాయించేవాడు కోటు కోసం వస్తే ఆ మాటే చెప్పింది. అతను చిన్నబుచ్చుకున్నాడు.

"ఏంటమ్మా, మేం జనం వెనకాల పరిగెడతామా? మేమే లాగుతాం వాళ్లని!"

"మరి నీ కంటే ముందు నా హ్యాంగర్లు ఎందుకు ఊగాయి నాయనా?"

అతను చివరి వరస దగ్గరికి వెళ్లి హ్యాంగర్ల వంక చాలాసేపు చూసి, కోటు వేసుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం చూస్తే బ్యాండు వాళ్లే ముందున్నారు. ఎన్నాళ్లు చూసినా తేలలేదు.

ఇదంతా ఐలా సరదా. ఆమె గుండెలో ముల్లు వేరే ఉంది. దాని పేరు సెల్యా కొంతులా.

సెల్యా ఈ ఊరి మనిషే. గిటారు పట్టుకుని, ఉప్పుకాగితం లాంటి గొంతుతో పాడుతుంది. ఆరేళ్ల కిందట ఇదే హాల్లో పాడుతూ, పాట మధ్యలో గిటారు కింద పెట్టి వెనక తలుపులోంచి వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడా వేదిక ఎక్కలేదు. "సొంత ఊరు వీపు చూపించింది" అని మర్నాడు పత్రికలో వచ్చింది. నిజమే, ఆ రోజు జనం గుంపులు గుంపులుగా తలుపు వైపు నడిచారు. ఎందుకు నడిచారో ఐలాకి తెలుసు.

ఆ రోజు తడి మంచు పడింది. కోట్లన్నీ నీళ్లు కారుతున్నాయి. వరస గుమ్మం దాటి వీధిలోకి పోయింది. త్వరగా తెమల్చాలని ఐలా ఒక్కో హ్యాంగరుకు రెండేసి కోట్లు తగిలించింది. కచేరీ సగంలో ఉండగా మధ్య కడ్డీ కూలింది. దాని మీద పక్కది, దాని మీద ఇంకోటి. ఐదు వందల తడి కోట్లు నేల మీద గుట్ట పడ్డాయి. మరుగుదొడ్డికని బయటికొచ్చిన ఒకాయన ఆ గుట్ట చూసి లోపలికి పరిగెత్తి భార్య చెవిలో చెప్పాడు. ఆవిడ పక్కావిడ చెవిలో చెప్పింది. జనవరిలో కోటు పోతే ఇంటికెలా పోతారు? ఒకరి వెనక ఒకరు కదిలారు.

హాలు నిర్వాహకుడు సంగతి పైకి రానివ్వలేదు, తనిఖీలు వస్తాయని. జనంలో ఎవరైనా పత్రికకు రెండు ముక్కలు రాయొచ్చు. ఎవరో ఒకరు రాసే ఉంటారనుకుని అందరూ ఊరుకున్నారు. ఐలా అయితే ఉత్తరం మొదలుపెట్టింది కూడా. 'కోట్లు పడిపోయాయి, అందుకే' అని రాసేసరికి ఆ మాట ఎంత చిన్నదిగా కనిపించిందంటే, సిగ్గేసి చింపేసింది. ఆ ఒక్క చింపడం ఆరేళ్లయింది.

మొన్న జనవరిలో గోడల మీద కాగితాలు అంటించారు. సెల్యా కొంతులా, ఆదివారం, సాయంత్రం ఆరుగంటలకు. అదే హాలు.

ఆ ఆదివారం బయట చలి సున్నాకు ఇరవై మూడు డిగ్రీలు కింద. మధ్యాహ్నం ఐలా కడ్డీలకు మరలు బిగిస్తుంటే ఎవరో వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. పాత నీలం కోటు, పొట్టి జుట్టు. ఐలా ఒక్క చూపులో పోల్చుకుంది.

"కాఫీ ఉందా ఇక్కడ? పైన ఇచ్చింది నీళ్లలా ఉంది," అంది సెల్యా.

"రా అమ్మాయ్, కూచో. యాలకుల బన్ను కూడా ఉంది. నిన్నటిది, ముంచుకు తిను."

సెల్యా బల్ల వెనక్కి వచ్చి స్టూలు మీద కూచుంది. బన్ను ముంచుకుంటూ తలుపు వైపే చూస్తోంది.

"అక్కణ్నించి నాకు ఏం కనిపిస్తుందో తెలుసా మీకు?" అంది. "మొహాలు కనిపించవు. దీపాలు కళ్లలో పడతాయి కదా, అంతా నల్లగా ఉంటుంది. ఆ తలుపు తెరుచుకుంటే మాత్రం పసుపుపచ్చ వెలుగు ముక్క ఒకటి నేల మీద పరుచుకుని నా దాకా వస్తుంది. అంటే ఒకరు వెళ్లిపోయారన్నమాట. ఆ రోజు లెక్కపెట్టాను. నలభై సార్లు. నలభై ఒకటోసారి నేనే వెళ్లిపోయా."

ఐలా చేతిలో మరలు బిగించే పనిముట్టు బల్ల మీద పెట్టింది. ఆరేళ్ల మాట అప్పుడు బయటికొచ్చింది. తడి మంచు, రెండేసి కోట్లు, కూలిన కడ్డీ, గుట్ట, చెవిలో చెప్పుకోవడం, అన్నీ. "తప్పు నాది. నీ పాటది కాదు," అంది చివర.

సెల్యా నవ్వింది, కోపంగా కాదు. "ఆరేళ్లలో నాకు పదకొండు కారణాలు చెప్పారు మా వాళ్లు. మైకు బాగాలేదన్నారు, బస్సు టైమన్నారు, హాకీ ఆట ఉందన్నారు. మీది పన్నెండోది. అన్నిట్లోకీ ఇదే బాగుంది."

"నేను కల్పించి చెప్పడం లేదమ్మాయ్!"

"మీరు మంచివారు. అందుకే నమ్మలేకపోతున్నా. చూడండి, ఇంట్లో కూచున్నప్పుడు నాకూ తెలుసు, మనిషన్నాక వెళతాడు, వస్తాడు అని. అక్కడ నిలబడితే తెలీదు. అక్కడ ఏదీ తెలీదు." కప్పు కింద పెట్టి లేచింది. "ఇవాళ చివరి పాట దాకా నిలబడితే వేసవిలో మళ్లీ పాడతా. దిగిపోయానా, ఇక ఎక్కను. సంగీత బడిలో పిల్లలకి నేర్పే పని చూసుకున్నా, సోమవారం చెబుతానన్నా వాళ్లకి."

రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. నీలం కోటు విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది తగిలించి నాకూ బిళ్ళ ఇవ్వండి. బయట ఈ చలికి కోటు లేకుండా వెనక తలుపులోంచి ఎక్కడికి పారిపోతాను? దీనికోసమైనా ఇటే రావాలి."

ఐలా ఆమెకు ఒకటో నంబరు బిళ్ళ ఇచ్చింది. అవి మిల్లు పనివాళ్ల బిళ్ళలు. అంకెలు ఇత్తడిలో లోతుగా దిగి ఉంటాయి.

సాయంత్రం జనం వచ్చారు. హ్యాంగరుకు ఒక్క కోటే. వరస వీధిలోకి పోయింది, పోనీ అంది ఐలా. టిక్కెట్లు చూసే తైస్తో ఆమె తోటి ఉద్యోగి, అరవై దాటినవాడు. ఐలా మాటిమాటికీ కడ్డీ మీద చెయ్యి వేసి చూస్తుంటే నవ్వాపుకోలేకపోయాడు.

"ఏంటమ్మా ఐలా, దానికి జ్వరమా?"

"నోర్మూసుకుని టిక్కెట్లు చింపు."

ఆరుగంటలకు తలుపు మూసుకుంది. మొదటి పాట. హ్యాంగర్లు వణికాయి. రెండో పాట, వణికాయి. మూడోది, నాలుగోది, అదే వణుకు. ఊపు లేదు. ఐలాకి అర్థం కాలేదు. "కాస్త తొంగిచూసి చెప్పు తైస్తో, వెలుగు లోపలికి పోనివ్వకు సుమా," అంది.

తైస్తో తలుపు వేలెడంత తీసి చూసి వచ్చాడు. "చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డారు. బీరు కోసం కూడా ఎవరూ కదలడం లేదు. ఒకాయన దగ్గు ఆపుకోలేక మఫ్లరు నోట్లో కుక్కుకున్నాడు."

ఐలాకి అప్పుడు వెలిగింది. ఆ పత్రిక వీళ్లు కూడా చదివారు. తామే తరిమేశామని ఆరేళ్లుగా మోస్తున్నారు. ఇవాళ కదిలితే ఎక్కడ మళ్లీ వెళ్లిపోతుందోనని ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. సెల్యాకేమో, వీళ్లకి నచ్చలేదు కాబట్టి కదలడం లేదనిపిస్తుంటుంది. వాళ్లంటే ఆమెకు భయం, ఆమె అంటే వాళ్లకు భయం. మధ్యలో పాట ఒంటరిగా తిరుగుతోంది.

ఐదో పాటలో తలుపు తెరుచుకుంది. ఒకమ్మాయి ఫోను చెవికి పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఇంట్లో పాపకి వాంతులట. ఆమె వెనకే పసుపుపచ్చ వెలుగు ముక్క లోపలికి జారింది. లోపల గొంతు తడబడి ఆగింది. డ్రమ్ములు ఒంటరిగా నాలుగు దెబ్బలు కొట్టాయి. మళ్లీ గొంతు వచ్చింది గానీ సన్నగా వచ్చింది.

"ఒకటి," అంది ఐలా పైకే.

అమ్మాయికి కోటిచ్చి పంపి, నేరుగా గోడ దగ్గరికెళ్లి దీపాలన్నీ ఆర్పేసింది. బయటి గుమ్మం మీద ఆకుపచ్చ దీపం ఒక్కటే మిగిలింది.

"బల్బులు పోయాయా?" అన్నాడు తైస్తో చీకట్లోంచి.

"నేనే తీశా. ఆ తలుపు బార్లా తీసి కొక్కెం పెట్టెయ్."

"తీస్తే ఆవిడకి కనిపిస్తుందిగా!"

"ఏం కనిపిస్తుంది? అక్కడా చీకటే, ఇక్కడా చీకటే. మాటిమాటికీ తెరిచి మూస్తేనే కదా గొడవ."

తైస్తో గొణుక్కుంటూనే కొక్కెం పెట్టాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి మధ్యలో తలుపు లేకుండా ఐలాకి పాట వినిపించింది. అంతలోనే ఒక బొద్దుపాటి మనిషి తడుముకుంటూ వచ్చి బల్లకు గుద్దుకున్నాడు. ఒరివెసి ఊరి బస్సుకు వెళ్లాలట.

"ఇదేం కోట్ల గదమ్మా, నాకేం కనిపించడం లేదు!"

"నాకూ కనిపించడం లేదు. మెల్లగా మాట్లాడు. బిళ్ళ ఇటివ్వు." బొటనవేలితో అంకెలు తడిమి, వరసలోకి వెళ్లి, చేతులతో వెతికి తెచ్చింది. "ఇదిగో. బొచ్చు టోపీ చేతి గొట్టంలో కుక్కావు, పడేసుకోకు."

"నీకేమైనా పిల్లి కళ్లా?"

"వేళ్లు."

అతను కోటు వేసుకున్నాడు, గుండీలు పెట్టుకున్నాడు, అక్కడే నిలబడ్డాడు.

"బస్సు పోతుంది నీకు," అంది ఐలా.

"తర్వాత ఇంకోటుంది."

"ఆదివారం ఇంకోటి లేదు."

"తెలుసులే," అన్నాడు. కదలలేదు.

మరో ఇద్దరు వచ్చారు, కోట్లు తీసుకుని వెళ్లారు. లోపల ఎవరికీ తెలియలేదు. గొంతు తడబడలేదు. ఎనిమిదో పాట అయ్యాక చప్పట్లు కొట్టారు, జాగ్రత్తగా, గిన్నెలు పగులుతాయేమో అన్నట్టు. ఆ తర్వాత పాట మొదలవలేదు. గిటారు కింద పెడుతోందా?

మైకులో సెల్యా గొంతు వినిపించింది. "ఒకటి అడుగుతాను. ఆరేళ్ల కిందట ఇక్కడ ఉన్నవాళ్లు ఉన్నారా?"

నిశ్శబ్దం. మన ఊరి నిశ్శబ్దం సంగతి చెప్పాలా! తొమ్మిది వందల మంది తమ బూట్ల వంక చూసుకుంటున్నారని ఐలాకి చీకట్లోనే తెలిసింది.

"ఉంటే చెప్పండి. ఎందుకు వెళ్లిపోయారు?"

ఐలా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు, తప్పు ఒప్పుకుంటున్నట్టు, "కోట్లు కిందపడ్డాయి," అంది.

"ఏంటి?"

"కోట్ల గది కూలింది!" ఇంకో గొంతు, కాస్త ధైర్యంగా.

"నా కోటు మీద పది మంది నడిచారు!"

"మా ఆయన వేరేవాళ్ల కోటు వేసుకొచ్చాడు ఇంటికి!"

"నాది ఇప్పటికీ దొరకలేదు!"

"అబద్ధం!" అని చీకట్లోంచి అరిచింది ఐలా, ఆపుకోలేక. "అన్నీ ఇచ్చేశాను! ఒక్కటి కూడా మిగల్లేదు!"

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో ఫక్కున నవ్వారు, పక్కవాళ్లు అందుకున్నారు, తొమ్మిది వందల మంది ఆరేళ్ల నవ్వు ఒక్కసారి నవ్వేశారు. మైకులో సెల్యా నవ్వు కూడా వినిపించింది, ముక్కు ఎగబీల్చుకుంటున్న చప్పుడు కూడా. "పన్నెండోదేనన్నమాట," అంది తనలో తాను. ఆ మాట ఐలాకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

తర్వాత పాట మెల్లనిది. డ్రమ్ములు లేవు. గిటారు, గొంతు, అంతే. చివరి వరసలో హ్యాంగర్లు మొదలుపెట్టాయి. వణుకు కాదు, గలగల కాదు, ఒక్క లయలో మెత్తగా ఊపు. తైస్తో కూడా విన్నాడు. బస్సు పోగొట్టుకున్న మనిషి కూడా విన్నాడు, "అదేం చప్పుడు?" అన్నాడు.

ఇంకో ఐదు పాటలు పాడింది సెల్యా. ఆఖరిదాన్లో నేల ఎంత అదిరిందంటే, ఐలా ఒక చేత్తో మధ్య కడ్డీని పట్టుకునే ఉంది.

దీపాలు వేశాక వరస మొదలైంది. చాలాసేపటికి, వరస చివర్లో, పొట్టి జుట్టు మనిషి ఒకతె బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంది. వెనక గది నుంచి ముందుకొచ్చి అందరితో పాటు నిలబడింది. అందరూ చూశారు. ఎవరూ మీద పడలేదు, ఫోటోలు తీయలేదు. ముందున్న ముసలాయన మాత్రం ఆమెకు చోటివ్వబోయి, ఆమె వద్దంటే, మెడ గోక్కుని, "పరవాలేదు. బాగానే ఉంది," అన్నాడు. మా వైపు అంతకంటే పెద్ద మాట లేదు. సెల్యా మొహం ఎర్రబడింది.

ఐలా చెయ్యి చాపి, "నంబరు?" అంది.

"ఒకటి."

నీలం కోటు తెచ్చి ఇచ్చింది. ఆమె చేతులు తొడుక్కుంటుంటే కాలరు సరిచేసింది. "సోమవారం ఆ బడి వాళ్లకి ఏం చెబుతావు?"

"వేసవిలో కుదరదని చెబుతా," అంది సెల్యా. గుమ్మం దాకా వెళ్లి తిరిగి, "వచ్చేసారి కూడా హ్యాంగరుకు ఒక్కటే పెట్టండి!" అని అరిచి వెళ్లింది.

తర్వాతి వారం నేను అడిగాను. "ఆ మెల్లటి పాటప్పుడు ముందెవరు? ఆవిడా, జనమా? ఈసారైనా తేలిందా?"

ఐలా కాఫీలో బన్ను ముంచి, అది విరిగి పడిపోయేదాకా ఆలోచించింది.

"ఆ రోజుది లెక్కలోకి రాదు," అంది చివరికి. "అప్పుడు నేనూ ఊగాను. అదే చెక్క మీద."